సింగపూర్ పోతే భోజనం డబ్బులు కూడా ఏజెంటుకే కట్టాల్నా?

తిరుపతి నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది: "అన్నా, నేను, మా ఆయన, అత్తమ్మ 5 రోజులు సింగపూర్ పోతా ఉండాం. టిఫిన్ హోటల్లోనే ఇస్తారంట. రెండు పూటలా ఇండియన్ భోజనం కావాలంటే మనిషికి 15,000 ఎక్స్‌ట్రా అంటాడు ఏజెంటు. మా ఆయనేమో అదీ వద్దు, పులిహోర పేస్టు, ఊరగాయ, చిన్న కుక్కరు పెట్టుకోని పోదాం అంటాడు. నాకు అక్కడిదే తినాలని ఉంది. చీటీ పాడిన డబ్బుతో పోతున్నాం, నేను దండగ చేస్తున్నానా?"

దండగేం కాదమ్మా, అంత దూరం పోయి రూములో కుక్కర్ విజిల్ కోసం చూస్తా కూర్చుంటేనే దండగ. ఊరగాయ సంగతి నన్నడగండి, నేను మొదటిసారి పోయినప్పుడు సీసా సూట్‌కేసులోనే పగిలి ఉన్న మూడు చొక్కాలూ ఆవకాయ రంగుకి తిరిగినాయి, 5 రోజులు అవే వేసుకోని తిరిగినా.

లెక్క చూద్దాం. ఏజెంటుకి ముగ్గురికీ కలిపి 45,000. అక్కడ హాకర్ సెంటర్లని ఉంటాయి, 1970లలో రోడ్ల మీద బండ్లు పెట్టుకోని అమ్ముకునేవాళ్ళని గవర్నమెంటు ఒక కప్పు కిందికి తెచ్చి కొట్లు ఇచ్చింది, ఆ తిండి సంస్కృతిని 2020లో యునెస్కో కూడా గుర్తించింది. మ్యాక్స్‌వెల్‌లో చికెన్ రైస్ అయినా, టెక్కా సెంటర్లో ప్రాటా (మన పరోటా లాంటిది) అయినా, ప్లేటు మామూలుగా 4 నుంచి 7 సింగపూర్ డాలర్లు. తాగేదానితో కలిపి 9 అనుకుందాం, ముగ్గురికి రెండు పూటలా 5 రోజులంటే 30 ప్లేట్లు, 270 డాలర్లు. డాలరు 70 రూపాయలని పెట్టుకుంటే 18,900. ఒకరోజు పెద్ద రెస్టారెంటుకి పోండి, కానీ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ చార్జి, దాని మీద 9 శాతం జీఎస్టీ అని అర్థం, 100 డాలర్లనుకున్నది దాదాపు 120 అవుతుంది, అంటే 8,400. చిల్లీ క్రాబ్ అయితే కేజీ లెక్కన వేస్తారు కాబట్టి రేటు అడక్కుండా ఆర్డర్ చెప్పొద్దండి. అంతా కలిపి 27,300, ఐస్ కచాంగ్‌లకీ (మన ఐస్ గోలా లాంటిది) వాటికీ ఇంకొంచెం వేసి 30,000 విడిగా పక్కన పెట్టేయండి. ఏజెంటు రేటుతో చూస్తే 15,000 మిగిలినట్టే.

అసలు డబ్బులు పోయేది తిండి దగ్గర కాదమ్మా, కార్డు దగ్గర. చాలా క్రెడిట్ కార్డులకి ఫారిన్ మార్కప్, అంటే బయటి దేశంలో గీకినందుకు బ్యాంకు వేసే చార్జి, 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, అంటే లక్ష గీకితే 4,130 ఊరికే పోయింది. మిషన్ "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడిగితే కళ్ళు మూసుకోని డాలర్లే నొక్కండి, రూపాయలంటే వాళ్ళ ఇష్టమొచ్చిన రేటు వేస్తారు. ముందే డాలర్లు నింపుకోని పోయే ఫారెక్స్ కార్డు ఒకటి, హాకర్ కొట్లకి చిన్న నోట్లు కొన్ని, చాలు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో మాత్రం తీయొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ. ఏజెంటు ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్ అంటారు, ఎవరి పాన్ మీద పడిందో చూసుకోండి, రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో సర్దుకుంటుంది, మిగిలింది వెనక్కి వస్తుంది.

చీటీ గురించి ఒక మాట, చెప్పకుండా ఉండలేను. ముందే పాడుకున్న చీటీ మీ డబ్బు కాదు, అప్పు. ఇంకా ఎన్ని నెలలు కట్టాలో చూసుకోని, కనీసం మూడు కంతులు బ్యాంకులో పెట్టినాకే టికెట్లు బుక్ చేయండి. అంత లేకపోతే రెండు నెలలు ఆగండి, సింగపూర్ యాడికీ పోదు.

ఇంక అత్తమ్మ. మనూర్లో మాదిరి శనివారం నీసు ముట్టరేమో, ఆరోజు లిటిల్ ఇండియా పెట్టుకోండి, సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్ పూర్తి శాకాహారం. లక్సా అని నూడుల్స్ వేసిన పులుసు ఉంటుంది, చూడ్డానికి కొబ్బరిపాల పులుసులా ఉన్నా అందులో ఎండురొయ్యలు పడతాయి, కూరగాయలే కదా అని ఆమెకి పెట్టేయకండి. టిష్యూలు మీరే తీసుకోని పోవాల, ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఎవరో సీటు పట్టుకున్నారని అర్థం. తిన్నాక ట్రే మీరే ఎత్తి పెట్టాల, లేదంటే ఫైన్ పడొచ్చు. అక్కడ కాఫీని కోపి అంటారు, ఉత్త కోపి అని అడిగితే తియ్యటి డబ్బాపాలు దండిగా పోసి ఇస్తారు, అత్తమ్మకి షుగర్ ఉంటే "కోపి సి కొసోంగ్" అని అడగండి, పాలుండి చక్కెర లేకుండా వస్తుంది.