4 వేల మందికి అడ్మిన్‌ని, ఇంట్లో వాళ్లకే దొరకడం లేదు

ప్రశ్న: నా వయసు 36. చిన్నప్పటి నుంచీ కామిక్స్ అంటే ప్రాణం. వాటి గురించి మాట్లాడుకోవడానికి ఎవరూ దొరక్క మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో 12 మందితో ఒక గ్రూపు పెట్టాను. ఇప్పుడు 4 వేల మంది ఉన్నారు. ఒకరు కథ ముగింపు ముందే చెప్పేశారని, ఇంకొకరు పుస్తకం మొత్తం స్కాన్ చేసి పెట్టారని రోజూ అర్ధరాత్రి దాకా పంచాయితీలే. మొన్న ఒకాయన పోస్టు తీసేస్తే ‘గ్రూపు నీ సొంత ఆస్తా?’ అని అందరి ముందూ నిలదీశాడు. రెండు రాత్రులు నిద్ర లేదు. మా ఆవిడేమో ‘ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం మమ్మల్ని వదిలేశారు’ అంటోంది. ఆరేళ్ల మా పాప కామిక్ తెచ్చి చదవమంటే ‘ఒక్క నిమిషం’ అన్నాను. పక్కనే కూర్చుని చివరి పేజీ నుంచి వెనక్కి బొమ్మలు తిప్పుతూ ఉంది. గొడవ తేల్చి చూసేసరికి పుస్తకం మీదే నిద్రపోయింది. గ్రూపు మూసేయాలా?

జవాబు: మీ ఉత్తరంలో పాప గురించి రాసిన ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివాను. ఎవరూ అడగకపోయినా మీరే రాశారంటే, అది మీ మనసులో ఎంత గుచ్చుకుందో తెలుస్తూనే ఉంది.

మూసేయమని నేను చెప్పను. కామిక్స్ చదివే వాళ్లకి తోటి పాఠకులు దొరకడం ఎంత అవసరమో మీకు చిన్నప్పుడే తెలిసింది. ఇలా ఏర్పడే స్నేహాలు ఉత్తుత్తివని మీ ఆవిడ అనుకుంటే ఆమెకి ఈ సంగతి చెప్పండి. 1969లో ఒక అమెరికన్ కామిక్ ఉత్తరాల పేజీలో వెండీ అనే అమ్మాయి ఉత్తరం అచ్చయింది. అది నచ్చి రిచర్డ్ పినీ అనే కుర్రాడు ఆమెకి ఉత్తరం రాశాడు. 1972లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1978లో కలిసి ‘ఎల్ఫ్‌క్వెస్ట్’ అనే సొంత కామిక్ తెచ్చారు. ముక్కూ మొహం తెలియకుండానే మొదలైన పరిచయం అది.

అయితే మీ ఆవిడ మాటలో ఉన్న బాధని మాత్రం పక్కన పెట్టకండి. ఆమెకి కామిక్స్ మీద కోపం ఉన్నట్టు నాకు అనిపించలేదు. చిన్నప్పుడు చెప్పుకోవడానికి ఎవరూ లేక మీరు ఎలా ఉన్నారో, ఇప్పుడు మీ పక్కనే ఉండి ఆమె అలా ఉంది. ఈ ఒక్క మాట మీరే ముందుగా ఆమెతో అనండి. గ్రూపు గురించి సంజాయిషీ ఇవ్వొద్దు, ‘ఇకనుంచి మారిపోతాను’ అని మాట కూడా ఇవ్వొద్దు. ఆమె ఎన్నాళ్లుగా ఏమేం చెప్పాలనుకుందో అడిగి వినండి. మధ్యలో ఫోన్ మోగితే చూడకండి.

ఇక గ్రూపు. ఒక్క విషయం అడుగుతాను. ఈ నెలలో మీరు ఎన్ని కామిక్స్ చదివారు? నా అంచనా తప్పయితే సంతోషమే. కానీ ఉత్తరం మొత్తంలో మీరు చదివిన పుస్తకం ఒక్కటీ కనిపించలేదు. 12 మంది ఉన్నప్పుడు మీరూ అందరితో పాటు కూర్చుని కబుర్లు చెప్పారు. 4 వేల మంది అయ్యాక మీరు గుమ్మం దగ్గర కాపలా కాస్తున్నారు. లోపల కబుర్లన్నీ వేరే వాళ్లవి. అలసట అక్కడి నుంచే వస్తోంది.

కామిక్స్ అభిమానుల చరిత్రలోనే మీకు పనికొచ్చే మనిషి ఒకరున్నారు. 1961లో జెర్రీ బెయిల్స్ అనే కాలేజీ అధ్యాపకుడు ‘ఆల్టర్ ఈగో’ పేరుతో అభిమానుల పత్రిక మొదలుపెట్టాడు. అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్న పాఠకులు ఒకరికొకరు తెలియడానికి ఆ పత్రిక ఎంతో సాయపడింది. నాలుగు సంచికలు తెచ్చాక ఆయన దాన్ని మరో అభిమాని చేతిలో పెట్టాడు. పత్రిక ఆగిపోలేదు. ఆయనా అభిమానిగానే మిగిలాడు, తనకిష్టమైన పని తను చేసుకున్నాడు.

మీరూ అలాగే చేతులు మార్చండి. ఎవరికి ఇవ్వాలో కొత్తగా వెతకక్కర్లేదు. ‘నేను కొత్త, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని ఎవరైనా అడిగితే ఓపికగా జవాబిచ్చే వాళ్లు గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. అదే ప్రశ్నకి ‘ఇది కూడా చదవలేదా, నువ్వేం ఫ్యాన్‌వి?’ అని వెక్కిరించే వాళ్లూ ఉంటారు. వాళ్లకి ఎంత పరిజ్ఞానం ఉన్నా అడ్మిన్ బాధ్యత ఇవ్వకండి. కొత్తవాళ్లు నోరు మూసుకుని వెళ్లిపోయేది వాళ్ల వల్లే. ముగ్గురు నలుగురు దొరికాక వారాలు పంచుకోండి. మీ వంతు కాని వారం మీరూ మామూలు సభ్యుడే.

నియమాలు నాలుగైదు వాక్యాల్లో రాసి పైన పెట్టండి. కొత్త సంచిక వచ్చిన వారం రోజుల వరకు ముగింపు చెప్పకూడదు, ఆ తర్వాత కూడా పోస్టు మొదట్లో ‘స్పాయిలర్’ అని రాయాలి. చర్చ కోసం ఒకటి రెండు ప్యానెళ్లు, అంటే పేజీలోని బొమ్మల గడులు చాలు, పుస్తకం మొత్తం పెట్టకూడదు. బొమ్మలు గీసి, కథ రాసి బతికే వాళ్ల కష్టం అది, ఇందులో మొహమాటపడకండి. ఇంకొకటి మీరు రాయలేదు గానీ నాకు ముఖ్యం అనిపించింది. కామిక్స్ అంటే పిల్లలూ వస్తారు. పెద్దవాళ్లు వాళ్లకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదని స్పష్టంగా రాయండి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే అదే రోజు చూడండి. మిగతా గొడవలు తెల్లారేదాకా ఆగినా ఏం కాదు. రాత్రిపూట అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా పెట్టే సెట్టింగ్ ఉంటే వాడుకోండి.

‘సొంత ఆస్తా?’ అన్న మాట మిమ్మల్ని అంతగా ఎందుకు కలచివేసిందంటే, మూడేళ్లుగా మీరు దాన్ని నిజంగానే మీ ఒంట్లో భాగంలా మోస్తున్నారు కాబట్టి. ఆయన అన్న తీరు తప్పు. అయినా ఆయన పోస్టు ఎందుకు తీశారో కారణం చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడైనా రెండు వాక్యాల్లో ఆయనకే విడిగా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోయినా ఆ చర్చ అక్కడితో వదిలేయండి. ఇవన్నీ చేశాక కూడా నెల రోజుల్లో నిద్ర కుదుటపడకపోతే డాక్టర్‌ని కలవండి, నాన్చకండి.

ఈ శనివారం గ్రూపు సంగతి ఇంకొకరికి అప్పగించి, పాప ఆ రోజు తెచ్చిన పుస్తకమే తియ్యండి. మొదటి పేజీ నుంచి చదవండి. ఏ బొమ్మ దగ్గర ఆగమంటే అక్కడ ఆగండి, ఎంతసేపైనా సరే.