చెట్టు తొర్రలో కానుకలు

నల్లగొండలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి ప్రశ్న ఇది: హార్పర్ లీ రాయగా 1960లో వెలువడిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలలో ప్రతీకల గురించి, పాత్రల మధ్య బంధాల గురించి ఎలా రాయాలి?

మాకింగ్‌బర్డ్ పిట్ట అమాయకత్వానికి గుర్తు అని ప్రతి గైడ్‌లోనూ ఉంటుంది. తప్పేం కాదు, కానీ అక్కడే ఆగిపోకండి. చెట్టు తొర్ర చూడండి. ఇల్లు దాటి రాని పొరుగువాడు బూ రాడ్లీ అందులో కథ చెప్పే చిన్నపిల్ల స్కౌట్, ఆమె అన్న జెమ్‌ల కోసం చూయింగ్ గమ్, పాత నాణేలు, సబ్బుతో చెక్కిన ఇద్దరు పిల్లల బొమ్మలు పెడతాడు. పిల్లలేమో అతన్ని భూతంలా ఊహించుకుంటారు. అతను మాత్రం వాళ్ల పోలికలు చెక్కేంత శ్రద్ధగా వాళ్లను గమనించాడు! తర్వాత బూ వాళ్ల అన్నయ్య నేథన్ ఆ తొర్రను సిమెంటుతో పూడ్చేస్తాడు. జెమ్ చప్పుడు లేకుండా ఏడుస్తాడు. ఎందుకో స్కౌట్ చెప్పదు. అన్న తనకంటే ముందు పెద్దవాడవుతున్నాడని మనకు తెలిసేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఊరు, వాడ వేరువేరుగా ఉన్న పల్లెలు మీరు చూసే ఉంటారు కాబట్టి, స్కౌట్ వాళ్లింట్లో వంటచేసే నల్లజాతి మహిళ కల్పూర్నియా పిల్లల్ని నల్లజాతివారి చర్చికి తీసుకెళ్లే అధ్యాయం మీకు బాగా పట్టుబడుతుంది. ఆమె తమ ఇంట్లో ఒకలా, అక్కడ ఇంకొకలా మాట్లాడుతుందని స్కౌట్ అప్పుడే గమనిస్తుంది. బంధాల గురించి రాసేటప్పుడు దాన్ని వదిలేయకండి.