ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తోంది, మానేయవచ్చా?

ఐదో నెల, హిమోగ్లోబిన్ 8.6, మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, మలం నల్లగా వస్తోంది, పైగా బిడ్డ నల్లగా పుడుతుందని మీ అత్తగారి భయం. మానేయవచ్చా అని అడిగారు. మానకండి. నేను మానేసి తెలుసుకున్నదాన్ని.

మాది హనుమకొండ. మొదటి కాన్పప్పుడు నాకు 9.2 ఉండేది. మలం నల్లబడటం చూసి, లోపల రక్తం పోతోందేమోనని హడలిపోయి మాత్రలను బియ్యం డబ్బా వెనక దాచేశాను. తమాషా ఏమిటంటే, అదే డబ్బాలోంచి పిడికెడు పిడికెడు పచ్చిబియ్యం తీసి రోజంతా నమిలేదాన్ని. ఇంట్లోవాళ్లు వేవిళ్ల కోరిక అనుకున్నారు. రక్తం పడుతుందని మా అత్తమ్మ మేడారం నుంచి తెచ్చిన బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అంటారు కదా) రోజూ ఓ ముక్క చేతిలో పెట్టేది.

నెల తిరిగాక ఆశా కార్యకర్త వచ్చి మాత్రల అట్టలు తెమ్మంది. ఒక్కో గుంటనూ వేలితో తడుముతూ లెక్కపెట్టింది. 22 మిగిలాయి. తిట్టలేదు. "పచ్చిబియ్యం తింటున్నావా?" అని మాత్రం అడిగింది. నాకు నోట మాట రాలేదు. బియ్యం, మట్టి, సుద్ద తినాలనిపించడం చాలామందిలో ఇనుము లోపానికి గుర్తట. ఆ వారం పరీక్షలో 8.1 వచ్చింది.

గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనతే. మీ 8.6కు బెల్లం, ఖర్జూరాలు చాలవు. ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మామూలుగా రోజుకు ఒకటి, రక్తహీనత ఉంటే రెండు ఇస్తారు. మీకెన్నో డాక్టరుగారినే అడగండి. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోతుంది కాబట్టే ఆ నలుపు. తారులా జిగటగా ఉంటే మాత్రం చూపించుకోండి. ఇక బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేది. ఈ మాట అత్తగారికి మీరు చెప్పలేకపోతే ఏఎన్ఎం చేత చెప్పించండి, నేను అదే చేశాను.

నా అసలు తప్పు, పరగడుపున చాయ్‌తో మింగడం. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రాత్రి భోజనమయ్యాక కాసేపాగి నిమ్మరసంతో వేసుకోవడం మొదలుపెట్టాక వాంతులు సగం తగ్గాయి. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు వదులుకోకండి.

నెలకు కనీసం 1 పెరగకపోతే కారణం వెతకాలి. ములుగు, ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కూడా ఉంటుంది, ఆ పరీక్ష అడగండి. పడుకున్నా ఆయాసం వస్తున్నా, ముఖం ఉబ్బి తలనొప్పితో చూపు మసకబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రెండోది బీపీ కావచ్చు.

నాకు ఏడో నెలలో సెలైన్‌లో కలిపి ఐరన్ ఎక్కించారు. కాన్పు నాటికి 10.3కు చేరాను. బియ్యం మీద మోజు ఎప్పుడు పోయిందో నేను గమనించనేలేదు. డబ్బా ఈమధ్య తొందరగా ఖాళీ కావడం లేదేమిటని అత్తమ్మే అంది.