సీఆర్పీ తగ్గిందా, పెరిగిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. జ్వరం, దగ్గు మొదలైన మూడో రోజు సీఆర్పీ (ఒంట్లో వాపు, మంట ఎంతుందో చూపే రక్తపరీక్ష) 12 వచ్చింది. ఐదో రోజు వేరే ల్యాబ్‌లో చేయిస్తే 4.8 అని ఇచ్చారు. తగ్గిందని మేం సంబరపడితే, డాక్టరుగారేమో పెరిగిందంటున్నారు. ఏమిటిది?

జవాబు: అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే యూనిట్ చూడండి. మొదటి ల్యాబ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఇచ్చి ఉంటుంది, రెండోది డెసిలీటరుకు. డెసిలీటరంటే లీటరులో పదో వంతు. 4.8ని పదితో హెచ్చవేస్తే 48. అంటే రెండు రోజుల్లో నాలుగింతలైంది. డాక్టరుగారి మాటే నిజం. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోమనేది ఇందుకే.

సీఆర్పీ అనే ప్రొటీన్‌ను తయారుచేసేది కాలేయం. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) మొదలైన ఆరు నుంచి ఎనిమిది గంటలకు రక్తంలో పెరగడం మొదలవుతుంది, దాదాపు రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. కారణం తొలగిపోతే సుమారు 19 గంటలకోసారి సగమవుతూ వస్తుంది. కాబట్టి జ్వరం వచ్చిన పూటే పరీక్ష చేయించి 'నార్మల్' అని ధీమాగా ఉండటం పొరపాటు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చేయించడమూ దండగే. ఒకటి రెండు రోజుల తేడాతో తీసిన రెండు అంకెలు, లక్షణాలు మొదలై ఎన్నో రోజు అన్న లెక్కతో కలిపి చూస్తేనే ఏమైనా చెబుతాయి.

48 దానంతట అదే ప్రమాదఘంటిక కాదు, మామూలు ఫ్లూలోనూ అంత రావచ్చు. 100 దాటితే మాత్రం న్యుమోనియా ఉందా, బ్యాక్టీరియా తోడైందా అని వెతకాలి. కోవిడ్‌లో బ్యాక్టీరియా లేకుండానే 100 దాటిన సందర్భాలు కోకొల్లలు. అందుకే ఆ అంకె చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టేయకూడదు. మీ నాన్నగారి విషయంలో సీఆర్పీ పైకి పోతోంది కనుక, ఆయాసం ఉందో లేదో చూడటం ముఖ్యం. దాని గురించి కింద చెప్పాం.

ప్రశ్న: సీబీపీలో (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) లింఫోసైట్లు 18 శాతం అని వచ్చింది. వైరస్ తీవ్రంగా ఉన్నట్టేనా?

జవాబు: లింఫోసైట్లు తెల్లకణాల్లో ఒక రకం. శాతం ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. మొత్తం తెల్లకణాలు 4,200 ఉంటే అందులో 18 శాతం 756. పెద్దవాళ్లలో వెయ్యికి తగ్గితే తక్కువ కిందే లెక్క. అదే మొత్తం 11,000 ఉంటే 18 శాతమంటే 1,980, అది బాగానే ఉన్నట్టు. ఒకే 18 శాతం, అర్థాలు రెండు.

కోవిడ్, ఫ్లూ ముదిరినప్పుడు ఈ కణాలు రక్తం వదిలి ఊపిరితిత్తుల్లోకి, లింఫ్ గ్రంథుల్లోకి వెళ్తాయి, కొన్ని చనిపోతాయి. అందుకే సంఖ్య పడిపోతుంది. కోలుకునేటప్పుడు మళ్లీ పెరుగుతుంది.

తెల్లకణాల్లో మరో రకమైన న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించి 'ఎన్ఎల్ఆర్' అని రాస్తుంటారు. న్యూట్రోఫిల్స్ 76, లింఫోసైట్లు 18 అయితే అది 4.2. ఇక్కడో మెలిక ఉంది. స్టెరాయిడ్ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. జబ్బు అలాగే ఉన్నా ఎన్ఎల్ఆర్ ఎగబాకుతుంది. మందు ఎప్పుడు మొదలైందో చెప్పకుండా ఈ రిపోర్టు చూపిస్తే ఎంతటి డాక్టరైనా తికమకపడతారు.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. డీ-డైమర్ 680, రిపోర్టులో 'ఎక్కువ' అని ఉంది. రక్తం పలచబడే మందు మొదలుపెట్టమంటారా?

జవాబు: మీ అంతట మీరు వద్దు. గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు వచ్చే ముక్కే డీ-డైమర్. మామూలు హద్దు మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు. కానీ వయసుతో అది సహజంగానే పెరుగుతుంది. అందుకే కాలిలోనో ఊపిరితిత్తిలోనో గడ్డ ఉందేమోనన్న అనుమానం బలంగా లేనప్పుడు, 50 దాటినవారికి వయసును పదితో హెచ్చవేసి హద్దు కడతారు. మీ అమ్మగారికి 740. ఆ లెక్కన 680 లోపలే ఉంది.

అయితే డీ-డైమర్‌ను రెండు రకాల యూనిట్లలో ఇస్తారు. ఈ లెక్క 'ఎఫ్ఈయూ' యూనిట్లకే. 'డీడీయూ' అని ఉంటే అంకెను దాదాపు రెట్టింపు చేసుకోవాలి. అప్పుడు 680 కాస్తా 1,360 అవుతుంది, కథ మారిపోతుంది. గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్, క్యాన్సర్ వల్ల కూడా ఇది పెరుగుతుంది. ఒక కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా అంకెతో పని లేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఫెరిటిన్, ఐఎల్-6, ప్రొకాల్సిటోనిన్ అన్నీ కలిపిన ప్యాకేజీ చేయించుకోవాలా?

జవాబు: ఇంట్లో ఉండి కోలుకుంటున్నవారికి అక్కర్లేదు. ఈ మూడూ ఇన్‌ఫ్లమేషన్, ఇన్‌ఫెక్షన్ తీవ్రతను అంచనా వేసే రక్తపరీక్షలే. కాలేయ జబ్బు ఉన్నా, మద్యం అలవాటున్నా ఫెరిటిన్ ఎక్కువే ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ప్రొకాల్సిటోనిన్ బ్యాక్టీరియా లేకున్నా పెరగొచ్చు. ఐఎల్-6 వల్ల ఇంటిదగ్గర చికిత్స ఏమీ మారదు.

ప్రశ్న: మరి ఇంట్లో దేన్ని గమనించాలి?

జవాబు: శ్వాసను. మనిషి నెమ్మదిగా కూర్చున్నప్పుడు, తనకు తెలియకుండా, నిండు నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు కూడా నాలుగింతలవుతుంది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 24 దాటితే డాక్టరును కలవాలి. 30కి చేరితే అత్యవసరం.

ఆక్సీమీటర్ పెట్టేముందు నెయిల్ పాలిష్ తుడిచి, చేతులు రుద్ది వెచ్చబరచండి. అంకె నిలకడగా ఉండేదాకా ఒక నిమిషం ఆగండి. ఆక్సిజన్ 94 శాతానికి దిగితే ఆలస్యం చేయొద్దు. చర్మం నల్లగా ఉన్నవారిలో ఈ పరికరం అసలుకంటే ఎక్కువ చూపించే వీలుంది, కాబట్టి 95 చూపించినా ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి. సీఆర్పీ 9 ఉండి, శ్వాస 28 ఉంటే ఆసుపత్రికే.

ఇంట్లో మిగిలిన డెక్సామెథసోన్ (స్టెరాయిడ్ మందు) వేయొద్దు. 2020లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' ట్రయల్‌లో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఆక్సిజన్ అవసరమైనవారికే అది మేలు చేసింది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి ప్రయోజనం కనబడలేదు.

ప్రశ్న: ఎల్‌డీహెచ్ (కణాల్లో ఉండే ఒక ఎంజైమ్), పొటాషియం రెండూ పెరిగాయి. మనిషి హుషారుగా ఉన్నారు!

జవాబు: ట్యూబులో ఎర్రకణాలు పగిలి ఉంటాయి. ఆ రెండూ వాటి లోపల ఎక్కువగా ఉండేవే. సన్నని సూదితో బలంగా లాగినా, ట్యూబును గట్టిగా ఊపినా ఇలాగే అవుతుంది. సీరం (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) ఎర్రగా ఉందా అని ల్యాబ్‌ను అడగండి. అవునంటే కొత్త శాంపిల్ ఇవ్వండి. కాదంటే పొటాషియం విషయం ఆరోజే డాక్టరుకు చెప్పండి.