ఆరు వేలలో సిక్కోలు తీరం

ప్రశ్న: మావారికి డిసెంబరులో శుక్ర, శని, ఆదివారాలు సెలవు దొరుకుతోంది. ఇద్దరికీ కలిపి ఆరు వేలు దాటకుండా సముద్రం దగ్గర గడిపి రావాలని ఉంది. కళింగపట్నంలో గది తీసుకుని, అక్కడి నుంచి రోజుకో చోటు చొప్పున బారువ దాకా చూసి రావచ్చా? మాకు బండి లేదు. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: గది కళింగపట్నంలో వద్దు, శ్రీకాకుళం టౌన్లో తీసుకోండి. సముద్రం ఒడ్డున దిగితే మిగతా ఏ ఊరికి వెళ్లాలన్నా ముందు శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి, అంటే ఆర్టీసీ బస్టాండుకి రావాల్సిందే. అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం, టెక్కలి – అన్ని బస్సులూ అక్కడి నుంచే బయల్దేరతాయి. బండి లేనివాళ్లకి ఖర్చు పెరిగేది గది దగ్గర కాదు, బస్సు దిగాక మిగిలిపోయే నాలుగైదు కిలోమీటర్ల ఆటో దగ్గర.

విజయనగరం నుంచి కూడా రైలు కంటే బస్సే నయం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి టౌన్లోకి మళ్లీ 13 కిలోమీటర్లు రావాలి. పైగా ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు టికెట్ డబ్బులుండవు, మీవారికి మాత్రమే పడతాయి. ఆధార్ దగ్గర పెట్టుకుని, సున్నా టికెట్ తప్పకుండా అడిగి తీసుకోండి.

లెక్క ఇలా వేసుకోండి: రెండు రాత్రులకి గది 2,400, తిండికి రోజుకి 500 చొప్పున 1,500, ఆటోలకి 1,200, బస్సులూ రైలూ కలిపి 500. ఇంకా 400 చేతిలో ఉంటుంది. గది మాట్లాడేటప్పుడు అద్దె కంటే ముందు అడగాల్సింది ‘24 గంటల చెక్‌అవుటా, మధ్యాహ్నం 12కా?’ అని. మధ్యాహ్నం 12కి ఖాళీ చేసే పద్ధతి ఉన్నచోట పొద్దున్నే దిగితే ఆ పూటకి కూడా ఒక రోజు అద్దె వేసే ప్రమాదం ఉంది. ఇద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు.

శుక్రవారం అరసవల్లి, శ్రీకూర్మం గుళ్లు పెట్టుకోండి. సాలిహుండం ఆ రోజు వద్దు, అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. అరసవల్లి టౌన్‌ని ఆనుకునే ఉంది. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు కాబట్టి గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఈ రెంటికీ ఒక పూట చాలు.

శనివారం సాలిహుండం, కళింగపట్నం. ఈ రెండూ ఒకే దారి మీద పడతాయి, కలిపే చూడాలి. పొద్దున ముందు సాలిహుండం కొండ ఎక్కండి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం ఇది. స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది. పైన నీడ తక్కువ, నీళ్లు మీరే మోసుకెళ్లాలి. ఆటోని ‘కొండ దగ్గర గంటన్నర ఆగి, కళింగపట్నంలో దింపాలి’ అని ఒకే బేరంగా మాట్లాడండి. దింపి వెళ్లిపొమ్మంటే తిరుగు ఆటో కోసం ఎండలో నిలబడాల్సి వస్తుంది, అప్పుడు బేరం మీ చేతిలో ఉండదు. కళింగపట్నంలో లైట్‌హౌసు, వంశధార సంగమం చూడండి. డిసెంబరులో ఐదున్నర లోపే పొద్దు వాలిపోతుంది. తిరుగు ప్రయాణానికి చివరి బస్సు వేళ ముందే కండక్టర్నే అడిగి పెట్టుకోండి.

ఆదివారం గది ఖాళీ చేసేసి టెక్కలి బస్సెక్కండి. చెరో భుజం సంచీ మించి సామాను ఉంటే ఈ రోజు నడవదు. టెక్కలి నుంచి ఆటోలో తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి, డిసెంబరు వాటికి మంచి అదను. అక్కడి నుంచి నౌపడ ఉప్పుమళ్ల మీదుగా భావనపాడు తీరం. మూలపేట పోర్టు పనుల లారీలు ఆ వైపు తిరుగుతుంటాయి, దుమ్ముకి మొహానికి గుడ్డ ఉంచుకోండి. మళ్లీ శ్రీకాకుళం రానక్కర్లేదు. నౌపడలో రైలెక్కితే నేరుగా విజయనగరం. పాసింజరు వేళలు ముందురోజు రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసుకోండి.

బారువ ఈసారికి వదిలేయండి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడంతోనే రోజు అయిపోతుంది.

ప్రశ్న: కళింగపట్నంలో నదీ సంగమం దగ్గర నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. అక్కడ స్నానం చేయవచ్చా? – రాజాం నుంచి మరొకరు

జవాబు: వద్దు. ప్రశాంతంగా కనిపించడమే అక్కడి మోసం. నది తెచ్చిన ఇసుక దిబ్బ కట్టి, అంచు దగ్గర ఒక్కసారిగా లోతవుతుంది. దిబ్బ ఉన్నచోటే ఉండదు, వరదకీ తుఫానుకీ జరిగిపోతుంది. కిందటేడు మోకాల్లోతు ఉన్నచోట ఈ ఏడు నిలువెత్తు ఉండొచ్చు. ఆటు సమయంలో నది నీరు, వెనక్కి తీసే సముద్రం రెండూ కలిసి లోపలికే లాగుతాయి. అమావాస్య, పౌర్ణమిలకి ఈ లాగుడు ఇంకా ఎక్కువ.

సంగమానికి బాగా దూరంగా, మనుషులు ఉన్నచోట, మోకాళ్ల వరకే దిగండి. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయలా అల విరగకుండా, నీళ్లు మడ్డిగా ఉన్నచోట అడుగుపెట్టొద్దు. నీరు సముద్రంలోకి వెనుదిరిగే దారి అది. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది పాయ దాటాక వెనక్కి రావాలి. కాపాడాలని రెండోవారు దూకొద్దు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాయో తాడో విసిరి, జాలర్లని కేకేయండి.

ప్రశ్న: తీరంలో ఎండుచేపలు కొనుక్కొస్తే వారానికే బూజు పడుతున్నాయి. ఎందుకు? మే నెలలో వెళ్తే పచ్చి చేప దొరుకుతుందా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: సరిగ్గా ఎండకుండా అమ్మినవి కొంటున్నారు. శీతాకాలంలో రాత్రి మంచుకి చేప మళ్లీ చెమ్మ పట్టేస్తుంది. నెత్తళ్లయితే విరిచి చూడండి. చిటుక్కున విరగాలి, వంగితే వద్దు. పెద్ద చేపని మొప్పల దగ్గర, వెన్ను మధ్యలో నొక్కండి, మెత్తగా ఉంటే లోపల పచ్చే. ఇంటికి రాగానే ఒకరోజు నిండా ఎండబెట్టి, చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆ ఆవిరే బూజుకి మూలం. ఇసుక మీద ఆరబెట్టినవైతే వండేముందు గోరువెచ్చని నీళ్లలో మూడుసార్లు కడగాలి. బస్సులో తెచ్చేటప్పుడు ముందు పేపరు, దానిపైన రెండు కవర్లు. లేకపోతే పక్క సీటువాళ్లతో తగువే.

ఇక మే సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ఇంజను పడవలు వేటకి వెళ్లకూడదు. ఇంజను లేని తెప్పల మీద తెచ్చిందే పచ్చి చేప, అది కొంచెమే, ధరా ఎక్కువే. చేప కోసమే అయితే వేట మళ్లీ మొదలయ్యాక వెళ్లండి.