ఇల్లు ఇచ్ఛాపురంలోనా, బరంపురంలోనా?

ప్రశ్న: నేను ఇచ్ఛాపురం మండలంలో ప్రభుత్వ టీచర్‌ని. జీతం చేతికి 48 వేలు వస్తుంది. మావారు బరంపురంలో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తున్నారు, ఆయనకు 41 వేలు. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. బాబు ఒకటో తరగతి. ఇప్పుడు ఇచ్ఛాపురంలో అద్దెకు ఉంటున్నాం. బరంపురం శివార్లలో, గొలంతర వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 1,100 అడుగుల ఫ్లాటు పార్కింగ్‌తో కలిపి 46 లక్షలంటున్నారు. ఇచ్ఛాపురంలో 150 గజాల స్థలం గజం 12 వేలకు దొరుకుతోంది. అందులో 900 అడుగుల ఇల్లు కట్టడానికి అడుగుకు 1,900 అవుతుందని మేస్త్రి చెప్పాడు. మా దగ్గర 13 లక్షలున్నాయి. ఒడిశాలో రిజిస్ట్రేషన్ తక్కువ, పెట్రోలు తక్కువ, కరెంటు తక్కువ, పైగా ఊరు పెద్దది, అక్కడే కొనమని మా బావగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇచ్ఛాపురంలోనే కట్టుకోండమ్మా. మీ బావగారు చెప్పినవి చాలావరకు నిజాలే. కాకపోతే ఆయన ఒక్కో రేటు విడివిడిగా చూశారు. మీ ఇంటి లెక్క మొత్తం కలిపి చూస్తే జవాబు మారుతుంది.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి. ఆంధ్రలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. మగవాళ్ల పేరున కొన్నా ఆడవాళ్ల పేరున కొన్నా ఇంతే. ఒడిశాలో స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2. ఆడవాళ్ల పేరున కొంటే స్టాంపు డ్యూటీ 4 శాతమే. అంటే మీ పేరున కొంటే అక్కడ 6 శాతంతో అయిపోతుంది. కానీ 46 లక్షల ఫ్లాటు మీద 6 శాతం అంటే 2 లక్షల 76 వేలు. ఇచ్ఛాపురంలో మీరు రిజిస్ట్రేషన్ చేయించేది స్థలం ఒక్కటే. 18 లక్షల మీద ఏడున్నర శాతం అంటే 1 లక్షా 35 వేలు. మీరు సొంతంగా కట్టుకునే ఇంటికి ఈ ఖర్చు ఉండదు. అక్కడ శాతం తక్కువే, కట్టే డబ్బు మాత్రం రెట్టింపు.

పెట్రోలు తేడా లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఉంటుంది. మీవారు రోజూ బరంపురం వెళ్తూనే ఉన్నారు కాబట్టి, సరిహద్దులోని గిరిసోల దాటాక బండిలో పోయించుకుంటే ఆ లాభం ఇప్పుడే మీకు అందుతోంది. దానికోసం ఇల్లు మార్చక్కర్లేదు. కరెంటు విషయానికొస్తే 226 నుంచి 400 యూనిట్ల శ్లాబులో మనకు యూనిట్ 8 రూపాయల 75 పైసలు, అక్కడ అంత ఉండదు. అయితే కింది శ్లాబులు మన దగ్గరే చవక. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఇక అసలు లెక్క. కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ పడుతుంది. ధర 45 లక్షలు దాటితే 5 శాతం, అంటే మీకు 2 లక్షల 30 వేలు. ఈ విషయం బిల్డర్ మీకు చెప్పాడో లేదో. మన ఊళ్లలాంటి చోట, అంటే మెట్రో నగరాలు కాని చోట, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే నేల, 90 చదరపు మీటర్ల లోపు ఉండి, పార్కింగ్‌తో సహా మొత్తం ధర 45 లక్షలు దాటకపోతే జీఎస్టీ ఒక్క శాతమే. బిల్డర్ ఒక లక్ష తగ్గించి 45కి ఒప్పుకుంటే జీఎస్టీ 45 వేలకు దిగుతుంది. ఒక్క లక్ష బేరంతో మీకు 2 లక్షల 85 వేలు మిగులుతుందన్నమాట. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం పూర్తయి కాపురం ఉండొచ్చన్న పత్రం, వచ్చేసిన ఫ్లాటుకైతే జీఎస్టీయే లేదు. మీరు ఈ ఫ్లాటు కొనకపోయినా, చుట్టుపక్కల ఎవరైనా కొంటుంటే ఈ సంగతి చెప్పండి. దీన్ని గమనించకుండా సంతకాలు పెట్టేవాళ్లే ఎక్కువ.

ఫ్లాటు 46, జీఎస్టీ 2.30, రిజిస్ట్రేషన్ 2.76, వంటగది, బీరువాలు, ఫ్యాన్లు, లైట్లు కలిపి కనీసం 3. మొత్తం 54 లక్షలు దాటింది. 30 నుంచి 75 లక్షల మధ్య హోమ్ లోన్‌కు బ్యాంకులు ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చును కలపరు. ఆ లెక్కన మీకు వచ్చేది 36 లక్షల 80 వేలు. మిగతా 17 లక్షల పైచిలుకు మీ చేతి నుంచి పెట్టాలి. ఉన్నది 13. తక్కువపడే నాలుగుంపావు లక్షలకు పర్సనల్ లోనో, బంగారమో, చీటీయో. ఇలాంటి ఇళ్లలో టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. 8 శాతం వడ్డీ అనుకుంటే 20 ఏళ్లకు హోమ్ లోన్ ఈఎంఐ దాదాపు 30,800. పర్సనల్ లోన్ 12 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే ఇంకో 9,500. రెండూ కలిపి 40 వేలు, అంటే మీ ఇద్దరి ఆదాయంలో నూటికి 45. పైగా ఫ్లాటు చేతికొచ్చేదాకా ఇచ్ఛాపురంలో అద్దె కడుతూనే ఉండాలి.

ఇచ్ఛాపురంలో స్థలం 18, రిజిస్ట్రేషన్ 1.35, కట్టుబడి 17 లక్షల 10 వేలు. మేస్త్రి చెప్పిన 1,900లో సాధారణంగా ప్రహరీ, బోరు, సెప్టిక్ ట్యాంకు, ప్లాను అనుమతి ఉండవు. వాటికి 2 లక్షలు వేసుకుందాం. మొత్తం 38 లక్షల 45 వేలు. లోన్ 28 లక్షలు తీసుకోండి, ఈఎంఐ 23,400 అవుతుంది. చేతి నుంచి పదిన్నర లక్షలు పెడితే రెండున్నర లక్షలు మిగులుతాయి. ఆ రెండున్నర లక్షలను ముట్టుకోకండి. మేస్త్రి అడిగినా, టైల్స్ షాపువాడు అడిగినా ముట్టుకోకండి. మీవారిది ప్రైవేటు ఉద్యోగం. ఆయన జీతం నాలుగు నెలలు ఆగినా ఈఎంఐ ఆగకూడదు.

లోన్ తీసుకుంటే ఇన్‌కం ట్యాక్స్ మిగులుతుందని బ్యాంకువాళ్లు, బిల్డర్లు చెబుతారు. మీ ఇద్దరి జీతాలూ విడివిడిగా 12 లక్షల లోపే. కొత్త పన్ను విధానంలో మీకు పన్నే లేదు. లేని పన్నులో మిగిలేది ఏముంటుంది? ఆ మాటను లెక్కలోంచి తీసేయండి.

ఇంతవరకు రూపాయల సంగతి. దీనికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ ఉద్యోగం. మీ ఇంట్లో మారనిది మీ టీచరు పోస్టు. మీవారి కంపెనీ రేపు మారవచ్చు, బరంపురం నుంచి భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్లాల్సి రావచ్చు. మీరు ఎప్పటికీ శ్రీకాకుళం వైపే ఉంటారు. టీచర్లకు ఒకే బడిలో ఎనిమిదేళ్లు దాటితే బదిలీ తప్పదు. ఇచ్ఛాపురం జిల్లాకు ఉత్తరాన చిట్టచివరి ఊరు. కాబట్టి మీకు ఏ బదిలీ వచ్చినా కవిటి, కంచిలి, సోంపేట, పలాస అంటూ దక్షిణానికే వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం సుమారు 25 కిలోమీటర్లు. బరంపురానికి మారితే ఈ రోజు ఆయన పడుతున్న ప్రయాణం రేపు మీరు పడతారు. బదిలీ తర్వాత అది ఇంకా పెరుగుతుంది. పొద్దున్నే ఇద్దరు పిల్లలకు క్యారేజీలు కట్టి బడికి చేరాల్సిన మనిషి ఇంటికి దగ్గరగా ఉండాలి. నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు.

రెండోది పిల్లల స్థానికత. ఆంధ్రలో ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవి. ప్రధాన నిబంధన ఏమిటంటే, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. పాప ఆ నాలుగేళ్లు బరంపురంలో చదివితే ఈ వరుస తెగిపోతుంది. ప్రభుత్వ ఉద్యోగి బిడ్డగా అన్‌రిజర్వుడు 15 శాతంలో పోటీ పడే వీలున్నా, 85 శాతం తలుపు మూసుకుపోతుంది. మంచి కాలేజీలో కన్వీనర్ సీటుకూ మేనేజ్‌మెంట్ సీటుకూ నాలుగేళ్లలో వచ్చే ఫీజు తేడా, మీరు ఒడిశాలో రిజిస్ట్రేషన్ మీద మిగిల్చుకునే దానికి ఎన్నో రెట్లు. ఫ్లాటు కొనేటప్పుడు దీని గురించి ఎవరూ అడగరు. అడగాలి.

చిన్నదే అయినా ఇంకో ఖర్చుంది. మకాం ఒడిశాకు మారిస్తే ఆంధ్ర నంబరు బండిని 12 నెలలు దాటాక అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి రోడ్డు ట్యాక్స్ కట్టాలి.

బరంపురం మంచి ఊరు కాదని నేను అనడం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ రెండు ఊర్లూ ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. ఈ రోజుకీ అక్కడి బజార్లో తెలుగులోనే బేరమాడొచ్చు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, పెద్ద రైల్వే స్టేషన్ ఉన్నాయి. అద్దెకివ్వాలన్నా అమ్మాలన్నా బరంపురం ఫ్లాటు త్వరగా కదులుతుంది. ఇచ్ఛాపురం ఇల్లు అమ్మాలంటే ఆరు నెలలో, ఏడాదో ఆగాల్సి రావచ్చు, అద్దె కూడా తక్కువే వస్తుంది. ఈ విషయంలో మీ బావగారి వాదనకు బలం ఉంది. అయితే మీరు కొంటున్నది అమ్మడానికి కాదు, ఉండటానికి. ఫ్లాటులో మీ భాగానికొచ్చే నేల కొద్ది గజాలే, భవనం ఏటేటా పాతబడుతుంది. ఇచ్ఛాపురంలో 150 గజాల నేల పూర్తిగా మీది. పిల్లలు పెద్దయ్యాక పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. ఇప్పుడే దానికి సరిపడా పునాది, పిల్లర్లు వేయించండి.

ఇంట్లో అందరూ కలిసి బరంపురమే అని తేల్చేస్తే ఒక్కటి మాత్రం వదలకండి. అక్కడ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్ల వివరాలు చూపే పత్రం) ఒక్కటి చూస్తే సరిపోదు. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఆ భూమి ఆర్‌ఓఆర్ (హక్కుల రికార్డు) తీయించి, కిసం, అంటే భూమి రకం, అన్నచోట ఘరబారి అని ఉందో లేదో చూడాలి. ఘరబారి అంటే ఇళ్ల స్థలం. గొలంతర లాంటి శివార్లలో చాలా భూమి నిన్నమొన్నటిదాకా వరి పొలమే. అలాంటి దాన్ని ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర మార్పించి ఉండాలి. భూమి అంతకుముందు ఎస్సీ, ఎస్టీలదైతే 22వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతితోనే చేతులు మారిందో లేదో చూడాలి. ప్రాజెక్టుకు ఒడిశా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. ఈ కాగితాలు చాలావరకు ఒరియాలో ఉంటాయి కాబట్టి, బిల్డర్ చూపించిన వకీలు కాకుండా మీరు కుదుర్చుకున్న బరంపురం వకీలుతో చదివించండి.

ఇచ్ఛాపురం స్థలం విషయంలోనూ తొందర వద్దు. ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, అంటే స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు, అన్నీ తీసుకోండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించుకోండి. డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, అని తెలిస్తే ఎంత చవకైనా వెనక్కి రండి. లేఅవుట్‌కు ఎల్పీ నంబరు, అంటే ఆమోదం పొందిన లేఅవుట్ నంబరు, ఉండాలి. పంచాయతీ తీర్మానం కాగితం చూపించి అనుమతి ఉందంటే నమ్మకండి, దాని మీద బ్యాంకు లోన్ కూడా రాదు.

స్థలాన్ని వానాకాలంలో ఒకసారి చూడండి. బాహుదా నదికి దగ్గరగా, పల్లంలో ఉంటే వద్దు. బోరు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించండి, మున్సిపల్ కుళాయి ఉన్న వీధికి గజానికి రెండు వేలు ఎక్కువైనా పెట్టండి. ఫైలిన్ తుపాను 2013లో అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018లో అక్టోబరు 11న తీరం దాటాయి. మన వైపు అక్టోబరులో స్లాబు పని పెట్టుకోకండి. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలలోపు స్లాబు పూర్తిచేసేలా మేస్త్రితో రాతకోతలు చేసుకోండి. డబ్బు పునాది, గోడలు, స్లాబు అంటూ పని జరిగిన మేరకే ఇవ్వండి. ఇల్లు పూర్తవగానే భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకోండి, తుపాను, వరద రెండూ అందులో ఉంటాయి. దానితోపాటు లోన్ మొత్తానికి తగ్గకుండా మీ ఇద్దరి పేరునా టర్మ్ ఇన్సూరెన్స్ ఉండాలి.

ఒక్క హోమ్ లోన్ చూసుకున్నా రెండు ఈఎంఐల మధ్య తేడా నెలకు 7 వేల పైనే. ఆ 7 వేలు ప్రతి నెలా పక్కన పెడితే, 7 శాతం వడ్డీకే అయినా, పాప ఇంటర్ పూర్తయ్యేసరికి ఎనిమిదేళ్లలో 9 లక్షలకు దగ్గరవుతుంది. అందులో 4 వేలు పాప పేరున, ఆడపిల్లల కోసం ఉన్న ప్రభుత్వ పొదుపు పథకం సుకన్య సమృద్ధిలో వేయండి. ఇప్పుడు 8.2 శాతం వస్తోంది, పదో తరగతి పాసయ్యాక చదువుకోసం సగం వరకు తీసుకోవచ్చు. పదేళ్లు నిండితే ఆ ఖాతా తెరవనివ్వరు. పాపకు ఇప్పటికే తొమ్మిది కాబట్టి స్థలం బేరం తెగేదాకా ఆగకుండా, పుట్టిన తేదీ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్ తీసుకుని ఈ వారంలోనే పోస్టాఫీసుకు వెళ్లండి.