½ఏటి²లో ఆ సగం ఎక్కడిది?

ఎస్ = యుటి + ½ఏటి² సూత్రంలో ½ ఎందుకొచ్చిందని కదా మీ ప్రశ్న. ఇందులో ఎస్ అంటే స్థానభ్రంశం (వస్తువు స్థానం ఎంత మారిందో), యు తొలి వేగం, ఏ త్వరణం (వేగం మారే రేటు), టి కాలం. వేగం–కాలం గ్రాఫ్ గీస్తే కనిపిస్తుంది.

సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్న బస్సు, 2 మీ/సె² త్వరణంతో 6 సెకన్లు వేగం పెంచుకుందనుకోండి. చివరికి 17 మీ/సె. గ్రాఫ్‌లో వచ్చే ఏటవాలు గీత వాలే త్వరణం, దాని కింది వైశాల్యమే స్థానభ్రంశం. అడుగున దీర్ఘచతురస్రం: 5×6 = 30, అది యుటి. పైన త్రిభుజం: భూమి 6, ఎత్తు ఏటి, అంటే 12; వైశాల్యం ½×6×12 = 36. మొత్తం 66 మీటర్లు. ఆ సగం త్రిభుజానిదే.

త్వరణం మారుతుంటే గీత వంకరవుతుంది, అప్పుడీ సూత్రం చెల్లదు. వైశాల్యం మాత్రం చెల్లుతుంది.

అన్నట్టు, పరీక్షలో ముందు నిలువు అక్షం చూడండి. దూరం–కాలం గ్రాఫ్‌లో అడ్డగీత ఉంటే బండి ఆగినట్టు. వేగం–కాలం గ్రాఫ్‌లో అదే గీత ఉంటే ఒకే వేగంతో పోతున్నట్టు.